జాక్‌పాట్ అంటే అసలు అర్థం ఏంటి? ఆ డబ్బు ఎవరిది? | ఎపిసోడ్ పూర్తి పాఠం

ఈ రోజు ఎపిసోడ్ ఒకే ఒక్క మాట గురించి. మనందరం వాడే మాటే. "వాడు జాక్‌పాట్ కొట్టాడు రా" అంటాం. "నీకేంటి, జాక్‌పాట్ తగిలింది" అంటాం. కానీ జాక్‌పాట్ అంటే ఏంటి అని సడన్‌గా అడిగితే, "పెద్ద లాటరీ" అని చెప్పి ఆపేస్తాం. నేనూ అంతే. ఒక ఫోన్ కాల్ వచ్చేదాకా దీని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ కాల్ చేసింది మా బాబాయి కొడుకు. డిగ్రీ ఫైనల్ ఇయర్. రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేసి, "అన్నా, ఎవరికీ చెప్పకు. నాకు పాతిక లక్షల జాక్‌పాట్ తగిలింది" అన్నాడు. వాట్సాప్‌లో ఒక సర్టిఫికెట్ లాంటి ఫోటో పంపాడు. దాని మీద వాడి ఫోన్ నంబర్, స్టాంపులు, సంతకాలు, అన్నీ ఉన్నాయి. నేను ఒకటే అడిగాను. "ఒరేయ్, ఆ పాతిక లక్షలు ఎవరి డబ్బు రా?" వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గర కూడా అప్పుడు పూర్తి జవాబు లేదు.

వాడి సంగతి ఏమైందో చివర్లో చెప్తాను. ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు ఈ మాట పుట్టుకలోనే ఉంది.

జాక్ ఎవరు? పాట్ ఏంటి?

జాక్‌పాట్ అనేది పేకాట మాట. అమెరికాలో 1870లు, 1880ల ప్రాంతంలో పోకర్ ఆడేవాళ్ళ దగ్గర పుట్టింది. జాక్ అంటే మనం జాకీ అనే ముక్క. ఆసు, రాజు, రాణి, జాకీ అంటాం కదా, ఆ జాకీయే. పాట్ అంటే కుండ. ఆటలో అందరూ మధ్యలో వేసిన డబ్బు కుప్పని వాళ్ళు పాట్ అంటారు.

ఆట ఇలా ఉంటుంది. నలుగురు కూర్చున్నారు అనుకోండి. ముక్కలు పంచకముందే తలా ఒక డాలర్ మధ్యలో పెట్టాలి. ఇప్పుడు కుండలో 4 డాలర్లు. తర్వాత ఒక్కొక్కరికి ఐదు ముక్కలు పంచుతారు. ఇక్కడే ఒక రూల్ ఉంది. చేతిలో కనీసం రెండు జాకీలు గానీ, అంతకంటే మంచి ముక్కలు గానీ ఉన్నవాళ్ళే పందెం మొదలుపెట్టాలి. ఊరికే తొమ్మిదుల జత పట్టుకుని నేను మొదలుపెడతా అంటే కుదరదు.

మరి నలుగురిలో ఎవరి దగ్గరా రెండు జాకీలు లేకపోతే? ఆట ఆగిపోదు. ముక్కలన్నీ కలిపి మళ్ళీ పంచుతారు. అయితే ఈసారి మళ్ళీ తలా ఒక డాలర్ వేయాలి. పాత 4 డాలర్లు అక్కడే ఉంటాయి. ఇప్పుడు కుండలో 8. మళ్ళీ ఎవరికీ రాలేదా? 12. మళ్ళీ రాలేదా? 16. ఇలా జాకీల రూల్ వల్ల ఉబ్బిపోయే కుండే జాక్‌పాట్.

ఇలా ఎంత తరచుగా జరుగుతుంది అంటారా? లెక్క వేయొచ్చు. ఐదు ముక్కలు పంచితే ఒక మనిషికి జాకీల జత లేదా అంతకంటే మంచిది వచ్చే అవకాశం దాదాపు 20.6 శాతం. అంటే ఐదు సార్లలో ఒక్కసారి. నలుగురూ ఖాళీగా మిగిలే అవకాశం దాదాపు 40 శాతం. పది పంపకాల్లో నాలుగు సార్లు కుండ ఉబ్బుతుందన్నమాట.

ఇంకో చిన్న విషయం. రెండు జాకీలు వచ్చినవాడు గెలిచినట్టు కాదు. వాడికి పందెం మొదలుపెట్టే హక్కు వచ్చింది, అంతే. పక్కవాడి చేతిలో రెండు రాణులు ఉండొచ్చు.

ఇప్పుడు నా అసలు పాయింట్. కుండలో 16 డాలర్లు ఉన్నాయి. చూడటానికి పెద్ద మొత్తం. కానీ అందులో 4 నావి, 4 మీవి, మిగతా 8 ఇంకో ఇద్దరివి. బయటి నుంచి ఒక్క సెంటు కూడా రాలేదు. దేవుడు ఇవ్వలేదు, కంపెనీ ఇవ్వలేదు. జాక్‌పాట్ అంటే ఆడినవాళ్ళందరి జేబుల్లోంచి పోగైన డబ్బు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. మిగతా ఎపిసోడ్ అంతా దీని చుట్టూనే.

లంకెబిందెలు వేరు, జాక్‌పాట్ వేరు

మన భాషలో అదృష్టానికి మాటలు తక్కువేం లేవు. "నక్క తోక తొక్కి వచ్చావా" అంటాం. "పంట పండింది" అంటాం. "లంకెబిందెలు దొరికాయా ఏంటి" అని అడుగుతాం. చాలామంది జాక్‌పాట్‌ని ఈ లంకెబిందెల లాంటిదే అనుకుంటారు. అక్కడ బిందె, ఇక్కడ కుండ, రెండిట్లోనూ డబ్బే కదా అని.

కానీ తేడా ఉంది. లంకెబిందెలు అంటే ఎప్పుడో ఎవరో భూమిలో దాచిపెట్టినవి. అవి మీకు దొరికితే పక్కింటాయన జేబుకి ఈ రోజు చిల్లు పడదు. జాక్‌పాట్ అలా కాదు. ఒకరికి రావాలంటే మిగతావాళ్ళందరికీ పోవాలి. పోయినవే ఇటు వస్తాయి.

కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వానలు పడగానే జనం పొలాల్లో వజ్రాల కోసం వెతుకుతారు కదా. ఎవరికైనా ఒక రాయి దొరికితే మర్నాడు "కూలీకి జాక్‌పాట్" అని హెడ్డింగ్ వస్తుంది. ఆలోచిస్తే అది జాక్‌పాట్ కాదు, లంకెబిందె టైపు. పక్కన వెతుకుతున్నవాళ్ళ డబ్బు దీంట్లో కలవలేదు.

ఇంకో పోలిక చిట్టీ. అక్కడ కూడా అందరూ నెలనెలా డబ్బు వేస్తారు, ఒక కుప్ప అవుతుంది, పాట పాడి ఒకరు తీసుకుంటారు. అయితే చిట్టీలో ఒకసారి ఎత్తుకున్నవాళ్ళు మళ్ళీ ఎత్తరు. చివరికి అందరి వంతూ వస్తుంది. జాక్‌పాట్‌లో వంతులు ఉండవు. ఇరవై ఏళ్ళు డబ్బు వేసినవాడికి కూడా రేపటి మీద హక్కు లేదు.

పేకాట బల్ల నుంచి మిషన్‌లోకి

1890ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ లిబర్టీ బెల్ అనే మిషన్ చేశాడు. ఐదు సెంట్ల నాణెం వేసి హ్యాండిల్ లాగితే మూడు చక్రాలు తిరుగుతాయి. మూడు గంట బొమ్మలు ఒకే వరుసలో పడితే పెద్ద బహుమతి. ఎంతో తెలుసా? 50 సెంట్లు. అంతే. ఇలాంటి స్లాట్ మిషన్లలో వచ్చే పెద్ద బహుమతికి తర్వాత జాక్‌పాట్ అనే పేరు స్థిరపడిపోయింది. జాకీలు పోయాయి, కుండ మిగిలింది.

ఇక్కడ ఒక మార్పు గమనించాలి. పేకాట బల్ల దగ్గర నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కుండ కళ్ళ ముందే ఉంది. నా డబ్బు ఎంత, నీ డబ్బు ఎంత అని లెక్క తెలుసు. ఎవరు గెలిచినా కుండ మొత్తం గెలిచినవాడిదే. మిషన్ వచ్చాక బల్ల దగ్గర ఇంకొకరు చేరారు. మిషన్ ఓనర్. ప్రతి నాణెంలో తన వాటా ముందే తీసుకునే మనిషి.

తర్వాత 1986లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మెగాబక్స్ అని ఒకటి మొదలైంది. చాలా కాసినోల్లో ఉన్న మిషన్లన్నిటినీ ఒకే నెట్‌వర్క్‌కి కలిపారు. ఎవరు ఎక్కడ నాణెం వేసినా, అందులో ఒక చిన్న ముక్క ఉమ్మడి జాక్‌పాట్‌లోకి వెళ్తుంది. పైన బోర్డు మీద నంబర్ గిర్రున పెరుగుతూ ఉంటుంది. 2003 మార్చిలో లాస్ వేగాస్‌లో ఒకరికి దీని మీద దాదాపు 3.97 కోట్ల డాలర్లు వచ్చాయి.

ఆ పెరిగే నంబర్‌ని యాప్‌లలో మీరు కూడా చూసే ఉంటారు. స్క్రీన్ పైన మెరుస్తూ, ఒక్కో రూపాయి పెరుగుతూ ఉంటుంది. మనకి అది పిలుపులా కనిపిస్తుంది. నిజంగా లెక్క కరెక్ట్‌గా ఉన్న చోట అయితే, ఆ నంబర్ ఒక అంకె పెరిగిందంటే ఎక్కడో ఎవరో ఇప్పుడే ఓడిపోయారని అర్థం. లెక్క కరెక్ట్‌గా లేని చోట అయితే అది ఉత్త యానిమేషన్.

కుండ పెరిగితే ఛాన్స్ పెరుగుతుందా?

చాలామంది పడిపోయేది ఇక్కడే. "మూడు నెలలుగా ఎవరికీ తగల్లేదట, ఇంక తగలాలి కదా" అంటారు. కుండ పెరుగుతుంది, నిజమే. మీకు తగిలే అవకాశం మాత్రం మొదటి రోజు ఎంతో, ఈ రోజూ అంతే.

అమెరికాలో పవర్‌బాల్ అనే లాటరీ ఉంది. 1 నుంచి 69 వరకు ఉన్న నంబర్లలో ఐదు, 1 నుంచి 26 వరకు ఉన్న వాటిలో ఇంకొకటి కరెక్ట్‌గా చెప్పాలి. టికెట్ 2 డాలర్లు. జాక్‌పాట్ తగిలే అవకాశం 29 కోట్ల 22 లక్షల్లో ఒకటి. ఈ అంకె ఊహకి అందదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా దాదాపు 8.46 కోట్లు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, చిత్తూరు దాకా, ప్రతి మనిషీ అందులో ఉన్నాడు. దానికి దాదాపు మూడున్నర రెట్లు జనాన్ని ఒక చోట నిలబెట్టి, అందులోంచి ఒక్క పేరు తీస్తే అది మీదే కావాలి. అదీ ఛాన్స్.

ఇంకా ఆసక్తికరమైన విషయం ఉంది. 2015 అక్టోబర్‌కి ముందు ఈ అవకాశం 17.5 కోట్లలో ఒకటి. ఆ నెలలో రూల్స్ మార్చి, కావాలనే ఇంకా కష్టం చేశారు. ఎందుకు? కష్టం చేస్తే ఎవరికీ తగలదు. తగలకపోతే కుండ ఉబ్బుతుంది. ఉబ్బితే వార్తల్లోకి వస్తుంది. వార్తల్లోకి వస్తే ఇంకా జనం కొంటారు. సరిగ్గా మూడు నెలలకి, 2016 జనవరిలో, జాక్‌పాట్ 158 కోట్ల డాలర్లు దాటింది. అది కూడా ముగ్గురు పంచుకున్నారు. జనం ఎక్కువైతే ఒకే నంబర్ పెట్టేవాళ్ళు కూడా ఎక్కువవుతారు కదా.

అర్థమైందా? పేకాట బల్ల దగ్గర జాకీల రూల్ ఏ పని చేసిందో, ఇక్కడ 29 కోట్ల రూల్ అదే పని చేస్తోంది. ఎవరికీ తొందరగా రాకుండా ఆపడమే కుండని పెంచే పద్ధతి.

బోర్డు మీద నంబర్, చేతికొచ్చే నంబర్

2022 నవంబర్‌లో పవర్‌బాల్ జాక్‌పాట్ 204 కోట్ల డాలర్లు అని ప్రపంచమంతా వార్త వచ్చింది. అది 29 ఏళ్ళ పాటు విడతలుగా ఇచ్చే మొత్తం. ఒకేసారి కావాలంటే 99.76 కోట్ల డాలర్లు. సగం కూడా కాదు. అదీ పన్ను కట్టకముందు.

మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. కేరళ ప్రభుత్వం ఓణం పండక్కి తిరువోణం బంపర్ అనే లాటరీ నడుపుతుంది. 2022లో మొదటి బహుమతి 25 కోట్లు, టికెట్ 500 రూపాయలు. 66 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. గుణించండి. 330 కోట్లకు పైనే. ఆ 25 కోట్లు వచ్చింది ఈ 330 కోట్లలోంచే. మళ్ళీ అందులో ఏజెంట్ కమీషన్ 10 శాతం పోతే 22.5 కోట్లు. దాని మీద 30 శాతం పన్ను పోతే 15.75 కోట్లు. ఆపైన సర్‌చార్జి, సెస్సు.

మాట విషయానికి వస్తే, కేరళవాళ్ళది బంపర్, జాక్‌పాట్ కాదు. బంపర్ అంటే ముందే ఇంత అని ఫిక్స్ చేసిన బహుమతి. జాక్‌పాట్ అంటే తగిలేదాకా పెరుగుతూ పోయేది. మన హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్స్‌లో కూడా జాక్‌పాట్ అని ఒక పందెం ఉంది. వరసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలన్నీ కరెక్ట్‌గా చెప్పాలి. అక్కడ కూడా పందెం కాసినవాళ్ళ డబ్బే కుప్ప, పన్ను, కమీషన్ పోగా మిగిలిందే పంపకం.

మనం ఈ మాట ఎలా వాడుతున్నాం?

తెలుగులో ఈ మాటకి రెండు క్రియలు అతికించుకున్నాం. "జాక్‌పాట్ కొట్టాడు", "జాక్‌పాట్ తగిలింది". కొట్టాడు అంటే వాడేదో సాధించినట్టు ఉంటుంది. తగిలింది అంటే దారిన పోతుంటే వచ్చి తగిలినట్టు ఉంటుంది. నిజానికి రెండోదే కరెక్ట్. కొట్టడానికి అక్కడ మన చేతిలో ఏమీ లేదు.

ఇంకో వాడకం చూడండి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో వంద దాటినప్పుడు "టమాటా రైతుకి జాక్‌పాట్" అని ఎన్ని థంబ్‌నెయిల్స్ చూశామో. ఆ రైతు నారు పోశాడు, మందు కొట్టాడు, కూలీలకి డబ్బు ఇచ్చాడు. అంతకుముందు ఎన్నోసార్లు ధర లేక రోడ్డు పక్కన పారబోశాడు. ధర అదృష్టం కావచ్చు, పంట మాత్రం చెమట.

అలాగే మన ఫ్రెండ్ రెండేళ్ళు అశోక్‌నగర్ రూమ్‌లో కూర్చుని, పండక్కి కూడా ఊరికి వెళ్ళకుండా చదివి గ్రూప్-2 కొట్టాడనుకోండి. "జాక్‌పాట్ కొట్టావ్ రా మామా" అంటాం. మనం మెచ్చుకుంటున్నాం అనుకుంటాం. వాడి రెండేళ్ళని ఒక్క మాటతో చెరిపేస్తున్నాం. దీనికి తిరగేసి చూస్తే ఇంకా ప్రమాదం. కష్టపడి వచ్చిందాన్ని కూడా జాక్‌పాట్ అని పిలవడం అలవాటైతే, జాక్‌పాట్ కూడా కష్టపడితే వచ్చేదే అనిపిస్తుంది. "ఇంకొంచెం ట్రై చేస్తే తగులుతుంది" అని రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని కూర్చునేవాడి బుర్రలో ఉండేది ఇదే.

మాట సరదాగా వాడొద్దు అనడం లేదు. ఫ్రీగా సినిమా టికెట్ దొరికితే జాక్‌పాట్ అనండి, ఏం కాదు. కష్టం ఉన్న చోట మాత్రం "సాధించావ్ రా" అనండి. ఆ మాటలో వాడి వాటా వాడికి దక్కుతుంది.

ఇక మా తమ్ముడి సంగతి

వాడికి వచ్చిన మెసేజ్ ఏంటంటే, ఒక పేరున్న టీవీ షో తరఫున మీ నంబర్‌కి 25 లక్షల జాక్‌పాట్, ప్రాసెసింగ్ ఫీజు 8,500 కట్టండి అని. వాడు నాకు ఫోన్ చేసేసరికే ఆ 8,500 కట్టేశాడు. ఫీజు కోసం దాచుకున్న డబ్బు. ఇప్పుడు టాక్స్ కింద ఇంకో 22,000 కట్టమంటున్నారు. అది అప్పు అడగడానికే నాకు ఫోన్ చేశాడు.

నేను అడిగాను, "నువ్వు టికెట్ కొన్నావా?" "లేదన్నా." "ఏదైనా ఆట ఆడావా?" "లేదు." "మరి నువ్వు డబ్బే వేయని కుండలో నీకు వాటా ఎలా వచ్చింది రా?"

చాలాసేపు అవతల ఏమీ వినపడలేదు. తర్వాత, "నాన్నకి చెప్పకన్నా" అన్నాడు.

ఆ రెండోసారి డబ్బు అయితే ఆగింది. మొదటి 8,500 మాత్రం రాలేదు. ఎందుకంటే వాడు సిగ్గుపడి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇలాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే డబ్బు బ్యాంకులో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మోసపోవడం తప్పు కాదు ఫ్రెండ్స్, దాచుకోవడం వల్ల ఇంకా నష్టం.

నిజమైన బహుమతి అయితే పన్ను వాళ్ళే పట్టుకుని మిగతాది ఇస్తారు. ముందు మీరు కట్టండి, తర్వాత మేం ఇస్తాం అన్నారంటే అది మోసమే.

యాప్‌ల గురించి కూడా ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంట్ కూడా దేశం మొత్తానికి చట్టం చేసింది. అదృష్టం ఆటైనా, నైపుణ్యం ఆటైనా, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడించడం, దానికి యాడ్ చేయడం రెండూ నేరమే. ఆడినవాళ్ళకి కాదు, ఆడించినవాళ్ళకి శిక్ష. కాబట్టి ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఎవరికి చెప్పాలో తెలియక కూర్చున్నవాళ్ళు ఉంటే, భయపడకుండా ఇంట్లో ఒకరికి చెప్పండి. ముందు అన్నకో అక్కకో అయినా సరే.

ఒక్క ముక్కలో

జాక్‌పాట్ అంటే ఎవరికీ తొందరగా అందకుండా రూల్ పెట్టి, అందరి జేబుల్లోంచి పోగు చేసిన కుండ. ఈసారి ఎవరైనా మీకు జాక్‌పాట్ అన్నప్పుడు రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ డబ్బు ఎవరిది? ఇందులో నేను ఎప్పుడు, ఎంత వేశాను? మొదటిదానికి జవాబు లేకపోతే అది మోసం. రెండోదానికి జవాబు రోజురోజుకీ పెరుగుతుంటే, అక్కడ ఉబ్బుతున్న కుండ మీ డబ్బుతోనే నిండుతోందని అర్థం.

మా తమ్ముడు ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ చదివి, పేరు పెట్టకుండా చెప్పమన్నాడు. "వేరేవాడెవడైనా 8,500 మిగుల్చుకుంటాడు" అన్నాడు. అందుకే చెప్పాను.

మీ ఇంట్లో, మీ హాస్టల్ గ్రూప్‌లో ఇలాంటి మెసేజ్ వచ్చినవాళ్ళు ఉంటే ఇది వాళ్ళకి పంపండి. మీ ఊళ్ళో జాక్‌పాట్‌కి బదులు వాడే మాట ఇంకేదైనా ఉంటే కామెంట్‌లో రాయండి. ఇంకో మాటతో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి.